బీరువాలో పెట్టిన పాటలు

ఇందుమతికి కోపమొస్తే అరుస్తుందని అనుకునేవాళ్ళకు ఆమె సంగతి సగమే తెలుసు. మామూలు కోపానికైతే అరుస్తుంది, నిజమే. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దాకా వినిపిస్తుంది. అసలైన కోపమొచ్చిన రోజు మాత్రం నోరు విప్పదు. కొంగు నడుముకు చుట్టి, అటక మీది ఇత్తడి సామానంతా కిందికి దించి, చింతపండు ముద్ద పట్టుకుని తోమడానికి కూచుంటుంది. అప్పుడు ఆమె జోలికి పోయే మొనగాడు ఆ ఇంట్లో లేడు. మొగుడు ఆదినారాయణ అన్నం కూడా అంగట్లోకే తెప్పించుకుంటాడు. అత్త భారతమ్మ జపమాల తీసుకుని దేవుడి గదిలోకి పోతుంది. పోయిన వైశాఖంలో ఆ తోముడు మూడు రోజులు సాగింది.

ఇందుమతి పుట్టింది బనగానపల్లెలో, మామిడికాయల మండీ ఉన్న ఇంట్లో. భజన మందిరంలో హార్మోనియం వాయించే పెద్దాయన పక్కన పదేళ్ళ వయసులో చేరి, పదిహేనేళ్ళకల్లా ఆయన పెట్టెనే లాక్కుంది. నంద్యాలలో బీకాం చదివింది. ఆళ్లగడ్డలో స్టీలు సామాన్ల అంగడి ఉన్న ఆదినారాయణను చేసుకుని వచ్చింది. కింద అంగడి, పైన ఇల్లు, ఆ పైన డాబా మీద ఒక రేకుల గది. ఆ గదిలో గోడలకు పాత పరుపులు వేలాడదీసి, ఒక మైకు, ఒక కంప్యూటరు పెట్టుకుని ఎనిమిదేళ్ళుగా పాటలు రికార్డు చేస్తోంది. రుద్రవరం నుంచీ చాగలమర్రి నుంచీ చెక్కభజన బృందాలు వస్తాయి. పదహారు మంది ఒకేసారి చెక్కలు కొడుతుంటే కింద నుంచి భారతమ్మ తిడుతుంది. పైన ఇందుమతి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "మూడో అన్నా, నీ ఎడం చెయ్యి లేటొస్తాంది" అంటుంది. ఆ మూడో ఆయన నాలిక్కరుచుకుంటాడు. ఆమె చెవి అట్లాంటిది.

మొదట్లో ఆ కంప్యూటరులో తిరిగే హార్డ్ డిస్కు ఉండేది. అది లోపల కరకరమంటూ తిరుగుతుంటే ఆ కరకర కూడా మైకులో పడేది. అందులో దాచుకున్న డప్పు, వీణ లాంటి వాద్యాల శబ్దాలు తెరవాలంటే కాఫీ తాగి రావాల్సి వచ్చేది. ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డ్రైవు అయితే లోపల తిరిగేది ఏమీ ఉండదు, చప్పుడుండదు, అడిగిన వెంటనే ఇస్తుంది. ఇందుమతి పదిహేను రోజులు చదివి, తనకెలాంటిది కావాలో ఒక చీటీ మీద రాసుకుంది. ఎంత రాసినా తట్టుకునేది కావాలి. లోపల దానికంటూ కొంత మెమరీ ఉండాలి. అయిదేళ్ళ వారంటీ ఉండాలి. ఆ చీటీ పట్టుకుని నంద్యాలకు బయల్దేరుతుంటే మామ లక్ష్మీనారాయణ గుమ్మంలో అడ్డం కూచున్నాడు.

"మన పవన్ అంగడి పెట్టుకోని కూచునుంటే పరాయోళ్ళ కాడికి పోతావామ్మా? రేపు పెండ్లిండ్లలో ఎదురుపడితే మొగం యాడ పెట్టుకుంటాం?"

పవన్ భారతమ్మకు చెల్లెలి కొడుకు. ఇందుమతికి మరిది వరస. నంద్యాల గాంధీచౌక్ పక్క సందులో కంప్యూటర్ల అంగడి అతనిది. మామ ఫోన్ చేసిన మర్నాడే పవన్ డ్రైవు జేబులో వేసుకుని వచ్చి, తనే బిగించి, భారతమ్మ చేసిన పూర్ణం ఓలిగలు నాలుగు తిని పోయాడు. చీటీలో రాసుకున్నవన్నీ ఇందులో ఉన్నాయా అని ఇందుమతి అడిగితే, "అన్నీ ఉండాయి వదినా, నీకు నేను తక్కువది ఇస్తానా?" అన్నాడు. డబ్బా ఏదంటే అంగట్లోనే ఉందన్నాడు. బిల్లు సంగతి ఆమె ఎత్తనే లేదు. వాళ్ళ ఇళ్ళల్లో మనోళ్ళను బిల్లు అడగడమంటే నీ మీద నమ్మకం లేదని మొహం మీద చెప్పడమే. అట్లా అడిగి రెండు కుటుంబాలు పదేళ్ళు పలకరింపులు మానుకున్న కథ ఒకటి భారతమ్మ ఏడాదికి నాలుగుసార్లు చెబుతుంది.

ఆ డ్రైవులోకి వచ్చిన పాటల్లో జీవమ్మవి నలభై మూడు.

జీవమ్మది దొర్నిపాడు. కేసీ కాలువ కింద భూములున్న ఇల్లు. డెబ్బై దాటినా మడి గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచే మనిషి. నాట్ల పాటలు, నలుగు పాటలు, పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పాడేవి, కాలువకు నీళ్ళు రాని ఏడు కాలువనే తిడుతూ పాడేవి, అన్నీ ఆమె నోటిలో ఉండేవి. ఒక పెళ్ళిలో ఆమె పాట విన్న ఇందుమతి చేతిలో తమలపాకుల పళ్ళెం పక్కన పెట్టేసి పోయి ఆమె ముందు చతికిలబడింది. ఆ తర్వాత రెండేళ్ళు, పొలం పని లేని రోజుల్లో జీవమ్మ ఆటో ఎక్కి ఆళ్లగడ్డకు వచ్చి, రేకుల గదిలో బాసింపట్టు వేసుకుని కూచుని, రోజుకొకటి, పొద్దు బాగుంటే రెండు పాడింది. వాటన్నిటినీ ఒకేసారి శుభ్రం చేసి బయటపెట్టాలని ఇందుమతి ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదు, మిగతా బృందాల పాటలు మాత్రం ఎప్పటికప్పుడు వాళ్ళకు ఇచ్చేసేది. ఒక పాటలో కాకి అరిచింది, ఇంకో పాటలో కింద ఎవరో బిందె పడేశారు, అవన్నీ తీసేయాలని ఆమె పట్టుదల.

అంతలో శ్రీరామనవమి దాటినాక లక్ష్మీనారాయణ పోయాడు.

సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో పాట వినపడకూడదని భారతమ్మ అంది. ఇందుమతి ఎదురు చెప్పలేదు. మామంటే ఆమెకూ ఇష్టమే. చెక్కభజన వాళ్ళకు ఫోన్లు చేసి ఏడాది ఆగమని చెప్పింది. పైన ఊరికే పడి ఉన్న కంప్యూటరును ఆదినారాయణ అంగట్లో బిల్లులు కొట్టడానికి కిందికి దించాడు. అతని చెయ్యి పడితే ఏమవుతుందోనని ఇందుమతి ముందుగానే నాలుగు స్క్రూలు విప్పి, పాటల డ్రైవును బయటికి తీసింది. పసుపు రాసిన రవిక గుడ్డలో చుట్టి, రేకుల గదిలోని ఇనప బీరువాలో, లోపలి అరలో, తన నెక్లెసు పక్కన పెట్టి తాళం వేసింది. ఆ ఇంట్లో విలువైనది ఏదైనా బీరువాలోకే పోతుంది. బంగారం, పొలం కాగితాలు, పిల్లల పుట్టుజుట్టు, అన్నీ అందులోనే. అంతకంటే భద్రమైన చోటు ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. ఆ ఎండాకాలం రేకుల కింద బీరువా పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది.

ఆ ఏడాదిలోనే, దసరా అయినాక, జీవమ్మకు గొంతులో గడ్డ తేలింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు. మనిషి బాగుపడింది. గొంతు పోయింది. మాట బొంగురుగా గుసగుసలాగా వచ్చేది, పాట అసలే రాదు. ఆ సంగతి విన్న రోజు ఇందుమతి కాస్త ఏడ్చి, బీరువా వైపు చూసి, పోనీలే, పాటలన్నీ నా దగ్గర ఉన్నాయి గదా అని సర్దుకుంది. ఏడాది తిరిగి సంవత్సరీకం అయిన వారానికి జీవమ్మ కోడలు ఓబులమ్మ ఫోన్ చేసింది.

"జ్యేష్ఠంలో పాప పెండ్లమ్మా. నలుగుకు మా అత్త పాటలే పెట్టల్లంటాంది పాప. నీ కాడ ఉండాయంట గదా."

"ఉండాయి. అన్నీ ఉండాయి. ఇస్తా" అంది ఇందుమతి.

మర్నాడే బీరువా తెరిచింది. డ్రైవు కంప్యూటరుకు తగిలించింది. కంప్యూటరు బిగుసుకుపోయింది. మళ్ళీ తగిలిస్తే ఈ డ్రైవును ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది.  ఎట్లాగో పాటల పేర్లు కనిపించాయి. ఒకటి తెరిస్తే జీవమ్మ గొంతు రెండు మాటలు పలికి, చిరచిరమని, ఆగిపోయింది. ఇంకొకటి తెరిస్తే నాలుగు నిమిషాలు ఏమీ లేదు. ఇందుమతి ఆ ఖాళీనే మూడుసార్లు చివరిదాకా విన్నది.

నంద్యాల పద్మావతి నగర్‌లో సౌజన్య అనే అమ్మాయి పాడైన డ్రైవుల్లోంచి ఫైళ్ళు తీస్తుందని తెలిసి, పొద్దున్నే మొదటి బస్సుకు పోయింది. సౌజన్య డ్రైవును తన యంత్రానికి తగిలించి, తెర వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుంది.

"అక్కా, దీన్ని ఎన్నేళ్ళు వాడినారు?"

"రెండేళ్ళు. దినానికి రెండు మూడు గంటలు. వారంలో నాలుగు దినాలు అనుకో."

"మరి ఇది ముప్పై ఒక్క వేల గంటలు నడిచినట్టు చూపిస్తాంది."

"ఏందీ?"

"రేయింబగళ్ళు ఆపకుండా వాడితే మూడున్నరేళ్ళు. మీ చేతికి రాకముందే ఎవురో సీసీ కెమెరాల పెట్టెలో పెట్టి రాపిచ్చి రాపిచ్చి అరగదీసినారక్కా. ఇది కొత్తది కాదు. అరిగిపోయినదానికి కొత్త స్టిక్కరేసినారు."

ఇందుమతికి అరికాలి మంట నెత్తికెక్కింది. 

"సరే, అరిగింది. కానీ పోయిన ఏడాది దాకా బాగానే పాడింది గదా?"

సౌజన్య నెమ్మదిగా చెప్పింది. ఎస్‌ఎస్‌డీలో దాచినదంతా చిన్న చిన్న గదుల్లో కరెంటు రూపంలో నిలబడి ఉంటుంది. అప్పుడప్పుడు కంప్యూటరుకు తగిలిస్తుంటే అది తనను తాను చూసుకుంటుంది. కొత్తదయితే ఊరికే పెట్టినా చాన్నాళ్ళు ఆగుతుంది. బాగా అరిగినదాన్ని కరెంటు లేకుండా, అందులోనూ వేడిలో నెలల తరబడి పెడితే లోపలున్నది కొంచెం కొంచెంగా కారిపోతుంది. "యాడ పెట్టింటిరి?" అని అడిగింది. ఇందుమతి చెప్పింది.  సౌజన్య మూడు రోజులు టైమివ్వమంది.

ఆ మూడు రోజులే ఇత్తడి తోమిన రోజులు. మొదటి రోజు బిందెలు. రెండో రోజు గంగాళం, దీపపు కుందులు. మూడో రోజు భారతమ్మ ఊరికే ఉండలేక వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, "చేతులు పోతాయి, ఇంగ చాలు" అంది.

అంతే, ఇందుమతి చెంబు దబ్బున కింద కొట్టింది.

"నువ్వే గదత్తా! ఏడాది పాట ఇనపడగూడదంటివి! నువ్వు ఆ మాట అనకపోతే అది కంప్యూటర్లోనే ఉంటుండె! పాటలు నిలబడుతుండె!"

భారతమ్మ కూడా తక్కువ తినలేదు. "నేను పాట ఆపమంటి. పెట్టెలో పెట్టి బీగమెయ్యమని నేను చెప్తినా? నీకు తెలీనిదాని మింద అంత నమ్మకమెందుకు? మీ మామ పోయిన బాధలో నేనుంటే, నీ డ్రైవుకు దినానికింత కరెంటు పెట్టమని నేనెట్ల చెప్తాను?"

 అత్త మాటలో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టే ఇంకా ఒళ్ళు మండింది. చెంబు సొట్టపోయింది, దాన్ని మళ్ళీ తోమింది.

నాలుగో రోజు సౌజన్య ఫోన్ చేసింది. నలభై మూడింటిలో పద్నాలుగు నిలిచాయి. ఆరు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. మిగిలిన ఇరవై మూడు లేవు. ఎవరి దగ్గరికి తీసుకుపోయినా రావని కూడా చెప్పింది.

ఇందుమతి చేతులు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, నంద్యాల బస్సెక్కింది. ఆదినారాయణ బస్టాండు దాకా వెంట వచ్చాడు. "మనోడే గదా ఇందూ, అంగట్లో పదిమంది ఉంటారు, నిదానంగా మాట్లాడు" అన్నాడు. ఆమె కిటికీలోంచి, "నువ్వు అంగటికి పోప్పా. నేను వాడు మనోడో కాదో తేల్చుకోని వస్తా" అంది.

సౌజన్య దగ్గర డ్రైవు, పాటలు తీసుకుని పోయేసరికి పవన్ అంగట్లో నిజంగానే పదిమంది ఉన్నారు. వదినను చూసి లేచి, కుర్చీ లాగి, టీ చెప్పబోయాడు. ఇందుమతి పాత డ్రైవును అతని ముందు అద్దం మీద పెట్టింది.

"టీ వొద్దుగానీ, ఇది నాకిచ్చేముందు యాడ ఉన్నింది పవన్?"

"యాడుంటాది వదినా, అంగట్లోనే."

"ఏ అంగట్లో? ముప్పై ఒక్క వేల గంటలు ఏ అంగట్లో కెమెరాకు కాపలా కాసింది?"

పవన్ నీళ్ళు నమిలాడు. ఎలక్ట్రానిక్ సామాన్లంటే ఎవరి చేతిలోనూ ఉండవన్నాడు. హైదరాబాదు నుంచి సరుకు ఎట్లా వస్తే అట్లా ఇస్తామన్నాడు. రెండేళ్ళు పనిచేసింది గదా అన్నాడు. పక్కనున్న గిరాకీలు వింటున్నారని గమనించి, కాస్త గట్టిగా, అంగడిదారు గొంతుతో ఇంకో మాట అన్నాడు.

"సరే వదినా, వారంటీ చూద్దాం. బిల్లుందా?"

  ఇందుమతి గొంతు గాంధీచౌక్ దాకా వినిపించింది.

"బిల్లా? మా ఇంట్లో పీట మింద కూచోని ఓలిగలు తినేటప్పుడు అడగాల్సింది నేను, బిల్లేదిరా అని! అడిగింటే ఏమంటుంటివి? వదిన నన్ను నమ్మలేదని పోయి మీ యమ్మకు చెప్తుంటివి! మీ యమ్మ మా యత్తకు ఫోన్ చేసి యాడుస్తుండె! మా మామ నిన్ను మనోడు మనోడని జపం చేసె. మనోడని బిల్లు లేకుండా ఇస్తివి, ఇప్పుడు పరాయిదాన్నని బిల్లడుగుతాండావా? శఠగోపం పెట్టించుకోడానికి మేం అహోబిలం పోతాంలే, నీ అంగటికి రావల్సిన పన్లేదు!"

"వదినా, పదిమందీ ఉండారు..."

"ఉండనీ! ఇనుకోనీ! అప్పా, మీరంతా డబ్బా ఊడదీసి చూస్కోండి కొనేముందు!" అని గిరాకీల వైపు తిరిగింది. ల్యాప్‌టాప్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన తన ల్యాప్‌టాప్‌ను మెల్లిగా చంకలోకి తీసుకున్నాడు.

పవన్ బిక్కమొహం వేసి, బల్ల కింద నుంచి కొత్త డబ్బా ఒకటి తీశాడు. "ఇది తీస్కపో వదినా, నువ్వు నాకేమీ ఇయ్యొద్దు. సెకనుకు ఏడువేల ఎంబీల స్పీడు, సూపర్." అందులో అతనికి నిజమైన సిగ్గు ఉందో, గిరాకీలు పోతారన్న భయముందో ఇందుమతికి అనవసరం. డబ్బాను వేలితో వెనక్కి తోసింది.

"నా కంప్యూటరుకు ఆ స్పీడు పట్టే సందే లేదు. అది తెలీకుండానే అంగడి పెట్టుకున్నావా? ఇరవై మూడు పాటలు పోయినాయి పవన్. పాడిన మనిషికి ఇప్పుడు గొంతు లేదు. అవి ఏ స్పీడులో తెచ్చిస్తావు?"

 ఆమె డ్రైవు తీసుకుని రోడ్డు దాటింది.

ఎదురుగా వెంకటేష్ అనే మనిషి అంగడి. చుట్టం కాదు, పక్కం కాదు, ఎప్పుడూ చూసిన ముఖం కాదు. పాపం అతనికి ఏ సంగతీ తెలియదు. రండమ్మా అని నవ్వబోతే, ఇందుమతి నవ్వడానికి వీలివ్వలేదు.

"పాటల కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ కావల్ల. సీలు నా ముందర కొయ్యల్ల. కోసినాక తగిలిచ్చి ఎన్ని గంటలు వాడిందో నాకు చూపియ్యల్ల. సున్నా రాకపోతే నేను పోతా."

వెంకటేష్ అయిదారు రకాలు పరిచాడు. చూయింగ్ గమ్ ముక్కంత సన్నటివి, ఇంకా వేగంగా పోయేవి చూపించాడు. ఇందుమతి ఒక్కొక్కదాన్నీ పక్కన పెట్టింది. ఇరవై గొంతులూ వాద్యాలూ ఒకేసారి రాసుకోవడానికి సాధారణ వేగమే ఎక్కువ. ఆళ్లగడ్డ బస్టాండు సందులో రెండు వందల వేగంతో పోయే కారు కొనుక్కుని ఏం చేయాలి అని అతన్నే అడిగింది. తక్కువ చోటులో ఎక్కువ కూరి చవగ్గా అమ్మే రకం వద్దంది. అది తొందరగా అరుగుతుంది, నిండేకొద్దీ నీరసపడుతుంది. పేరులేని కంపెనీ వద్దంది. లోపల సొంత మెమరీ ఉన్నదో లేదో డబ్బా మీద రాయకపోతే, కంపెనీ కాగితంలో చూపించమంది. జీవితకాలంలో మొత్తం ఎంత రాయొచ్చో ఆ అంకె చదివించుకుంది. సగం నిండినా ఇబ్బంది లేకుండా తన పాటలకు కావలసినదానికి రెండింతలు పెద్దది ఎంచుకుంది. వెంకటేష్ నుదురు తుడుచుకున్నాడు.

"ఇంతగా అడిగినోళ్ళు ఎవురూ లేరమ్మా."

"నేనూ అడగలేదు ఒకసారి. అందుకే అడుగుతాండా."

సీలు కోశాడు. తగిలించాడు. తెర మీద గంటల దగ్గర సున్నా ఉంది. ఇందుమతి ఆ సున్నాను కళ్ళు చికిలించి చూసింది. దాంతోపాటు సౌజన్య చెప్పినట్టు రెండు తిరిగే హార్డ్ డిస్కులు కూడా తీసుకుంది. ఎస్‌ఎస్‌డీ పని చేసుకోవడానికే, దాచిపెట్టడానికి కాదు. దాచేవి ఆ రెండు. ఒకటి ఆళ్లగడ్డలో, ఇంకొకటి బనగానపల్లె పుట్టింట్లో ఉండాలి. మూడు నెలలకొకసారి రెంటికీ కరెంటు పెట్టి, పాటలు తెరిచి, చెవితో విని చూడాలి. బిల్లు మీద తన పేరు, ఊరు, డ్రైవు మీది నంబరు రాయించుకుంది. వెంకటేష్ మర్యాదగా, "మనోళ్ళే గదమ్మా, నంబరెందుకు?" అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే అతనికి ఏ నష్టమూ ఉండేది కాదు.

"మనోళ్ళం కాదప్పా. రాయి" అంది ఇందుమతి.

తిరుగు బస్సులో కోపం దిగుతుందనుకుంది. దిగలేదు. పవన్ మీద ఉంది, అత్త మీద ఉంది, ఆ పనికిమాలిన బీరువా మీద ఉంది, మనోళ్ళు అన్న మాట మీద ఉంది. ఆళ్లగడ్డలో దిగకుండా టిక్కెట్టు పొడిగించుకునే వీలుంటే ఎక్కడికో పోయేది. దిగి, ఆదినారాయణకు చెప్పకుండా దొర్నిపాడు ఆటో ఎక్కింది. సౌజన్య తీసిచ్చిన పద్నాలుగు పాటలు ఫోన్లో ఉన్నాయి.

జీవమ్మ పంచలో కూచుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. మెడ మీద కుట్ల గీత కనిపిస్తోంది. ఇందుమతి ఎదురుగా కూచుని, దాచకుండా అన్నీ చెప్పింది. అరిగిన డ్రైవు, పవన్, బీరువా, ఏడాది, ఎండ. వాడిని పదిమందిలో కడిగి పారేశానని కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు పెరిగింది. జీవమ్మ ఒలవడం ఆపలేదు.

"ఎన్ని పోయినాయి?" అని అడిగింది. మాట కాదు, గాలి లాగా వచ్చింది. వినడానికి ఇందుమతి ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఇరవై మూడు పెద్దమ్మా."

జీవమ్మ చేతిలోని కాయలు చేటలో పడేసింది.

"నా మనవరాలు అడిగె. అవ్వా, నాకు నేర్పియ్యి, పెండ్లిలో నేనే పాడతా అనె. నా కోడలు అడిగె. నాట్లకొచ్చేటోళ్ళు అడిగిరి. అందరికీ ఏం చెప్తినో తెల్సా? ఇంగ నా నోరెందుకమ్మా నొప్పిచ్చుకోడం, ఇందుమతి కాడ అన్నీ పడినాయి, యాడికీ పోవు, కావాల్నన్నప్పుడు ఇనుకోండి అంటి. రెండేండ్లు ఎవురికీ ఒక్క ముక్క చెప్పల్యా. నీ పెట్టెను నమ్మి నా నోరు నేనే కట్టేసుకుంటి. వాడెవడినో తిట్టొస్తినంటావు. నన్నెవురు తిట్టల్ల? నిన్నెవురు తిట్టల్ల?"

 పొద్దుటి నుంచీ నంద్యాలంతా మోసుకు తిరిగిన కోపానికి ఇప్పుడు వెళ్ళడానికి చోటు లేకపోయింది. ఏడుపొచ్చింది. జీవమ్మ ఏడవనివ్వలేదు.

"ఏడ్సద్దు. ఏడ్సడానికి వొస్తివా ఇంత దూరం? పోయిన వాటిలో నలుగు పాటుందా?"

"ఉంది. అదే మొదట పోయింది."

"పెండ్లికి ఎన్ని దినాలుండాది?"

"ఇరవై."

ఇందుమతి సంచిలోంచి ఫోన్ తీసి రికార్డు నొక్కబోయింది. జీవమ్మ ఆ చేతి మీద ఒక దెబ్బ వేసింది. పుస్తకం, పెన్ను తీస్తే వాటినీ అవతలికి తోసింది. ఇందుమతి ఇన్నేళ్ళూ ఇతరుల గొంతులు పట్టిందే తప్ప ఎవరి ముందూ నోరు తెరిచి పాడింది లేదు. హార్మోనియం లేకుండా తన గొంతు తనకే కొత్త. జీవమ్మ ముందుకు వంగి, ఆమె మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ, ఆ గాలి గొంతుతో ఒక్కో మాటా పలికింది. రాగం గొంతులో లేదు గానీ ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ సాగదీయాలో చేత్తో చూపించింది.

"పీట మీది పాపకూ పిండి నలుగు పెట్టరే. పాడు."

ఇందుమతి పాడింది. వణికింది. లోపల ఓబులమ్మ, మనవరాలు పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. జీవమ్మ వాళ్ళిద్దరి వైపు కూడా చెయ్యి ఊపి, కూచోమన్నట్టు నేల చూపించింది. తర్వాత ఇందుమతి మోకాలి మీద ఫట్టుమని కొట్టింది.

"తప్పు. పాపకూ కాడ ఎత్తల్ల. మళ్ళా పాడు."